తెల్లదారం, నీలిదారం

గురువారం పొద్దున పదకొండైనా ఆ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చునే ఉన్నాయి. కంప్యూటర్ తెర మీద ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. అవి విడిపోవాలి. విడిపోతాయని ఆరేళ్ళ క్రితం డాక్టరమ్మ పెద్ద పత్రికలో అచ్చేసి మరీ చెప్పింది. చెప్పింది కదా అని అవి వింటాయా! ఎర్రచుక్క ఎక్కడ పడితే నల్లచుక్కా సరిగ్గా అక్కడే పడుతోంది. మూడు రోజులుగా ఇదే వరస.

డాక్టరమ్మ అంటే సూది వేసే డాక్టరు కాదు. అయస్కాంతాల మీద పరిశోధన చేసి ఆ బిరుదు తెచ్చుకుంది. ఆ ముక్క వీధిలో ఎవరికీ తలకెక్కదు. పక్కింటావిడ ఇప్పటికీ మోకాలు చూపించి మందడుగుతుంది. డాక్టరమ్మ మొదట్లో విడమరిచి చెప్పేది, తర్వాత ఓపిక నశించి వేడినీళ్ళ కాపడం పెట్టుకోమంటోంది. తగ్గుతోందట కూడా. మోకాళ్ళు మాట వింటున్నాయి గానీ పరమాణువులే వినడం లేదు.

"ఇంకో రెండు చుక్కలు చూద్దామాండీ?" అన్నాడు పక్క కుర్చీలోని నిదానం.

ఆ యంత్రాన్ని చూసుకునే ఆయనకి ఆ పేరెవరు పెట్టారో గానీ భలే కుదిరింది. మీట నొక్కేముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు, పెట్టుకుంటాడు, అంకె పైకి చదువుతాడు, మళ్ళీ చదువుతాడు, అప్పుడు నొక్కుతాడు. ఈలోపు డాక్టరమ్మ కుర్చీలో మూడుసార్లు అటూ ఇటూ కదులుతుంది.

"చూసి ఏం చేస్తాం? కవలపిల్లల్లా ఉన్నాయి రెండూ."

"కవలపిల్లల్లో కూడా తేడా ఉంటుందండీ. వాళ్ళమ్మ ఇట్టే పట్టేస్తుంది."

"అయితే వాళ్ళమ్మనే పిలవండి."

నిదానం నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు.

నవ్వే సమయం కాదు మరి. ఆ హాలు గోడవతల రియాక్టరు ఉంది. దాని నుంచి న్యూట్రాన్లు గొట్టంలోంచి వచ్చి ఆమె పెట్టిన స్ఫటికాలకి తగిలి చెదురుతాయి. చెదిరినవాటిని లెక్కపెడతారు. శనివారం సాయంత్రం ఆరింటికి ఆ రియాక్టరు ఆపేస్తున్నారు. మరమ్మతు అట, నాలుగేళ్ళట. ఈ అయిదు రోజుల కోసం రెండేళ్ళు అర్జీలు పెట్టి కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది. ఆమె ఆరేళ్ళ క్రితం చూసింది నిజం కాదనీ, అది యంత్రం లోపమనీ వేరే చోటివాళ్ళు ఇంకో పత్రికలో రాశారు. పత్రికవాళ్ళు కబురు పెట్టారు: ఈ నెలాఖరులోగా మళ్ళీ చూపించండి, లేదా మీ వ్యాసాన్ని మీరే వెనక్కి తీసుకోండి. వెనక్కి తీసుకునే ఉత్తరం కూడా రాసుకుని సంచిలో పెట్టుకుంది. నాలుగే నాలుగు వాక్యాలు. అవి రాయడానికి ఆమెకి వారం పట్టింది.

అసలీ గొడవంతా ఇనుప పరమాణువులది. ఒక్కొక్కటీ ఒక బుల్లి అయస్కాంతం. ప్రతిదానికీ పక్కదానికి వ్యతిరేకంగా నిలబడాలనే పంతం. ఇది తల పైకెత్తితే అది కిందికి దించాలి. రెండే ఉంటే పేచీ లేదు. కానీ ఈ స్ఫటికంలో అవి మూడేసి చొప్పున త్రిభుజాలుగా కూర్చుని ఉంటాయి. ముగ్గురు తోడికోడళ్ళని ఊహించుకోండి. ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరికీ ఎదురు చెప్పాల్సిందే. మొదటావిడ అవునంటుంది, రెండో ఆవిడ కాదంటుంది. మరి మూడో ఆవిడ ఏమనాలి? అవునంటే ఒకావిడతో చేతులు కలిపినట్టు, కాదంటే ఇంకొకావిడతో. చివరికి ఎవరి పంతం పూర్తిగా నెగ్గక, ముగ్గురూ తలో దిక్కుకి మొహం తిప్పుకుని కూర్చుంటారు. ఈ చదువులో దీన్ని ఫ్రస్ట్రేషన్ అనే అంటారు, హాస్యానికి కాదు. పుస్తకాల్లో అదే పేరు.

ఇలాంటి త్రిభుజాలు పొర మీద పొర ఉంటాయి. పైపొరవాళ్ళు కిందిపొరవాళ్ళకంటే కాస్త పక్కకి తిరుగుతారు, ఆపైవాళ్ళు ఇంకాస్త. అలా మెలితిరిగిన మెట్లలా పోతుంది. ఆ తిరుగుడుతోనే ఇందులో కాస్త విద్యుత్తు కూడా పుడుతుంది. అయస్కాంతం, విద్యుత్తు రెండిటిదీ ఒకే కాపురం. ఒక అయస్కాంతాన్ని కదిపితే చాలు, ఆ వణుకు అలలా అన్నిటికీ పాకుతుంది. ఆ అల కూడా ఒకవైపే తిరుగుతూ పోతుందని డాక్టరమ్మ వాదన. తేల్చడం ఎలా? న్యూట్రాన్ కూడా బుల్లి అయస్కాంతమే. తల పైకున్నవాటిని పంపి లెక్కపెడితే ఎర్రగీత. తల కిందికున్నవాటిని పంపితే నల్లగీత. అల ఒకవైపే తిరిగితే రెండు లెక్కలకీ తేడా రావాలి. వస్తే ఆమె మాట నిలబడినట్టు. రాకపోతే సంచిలో ఉత్తరం ఉండనే ఉంది.

స్ఫటికాలు పెంచింది కొలిమిబావ. అంటే అక్క మొగుడు. ఊరి అవతలి కొసన ఉన్న ప్రయోగశాలలో, దీపాల వేడిని అద్దాలతో ఒకచోటికి చేర్చి ముద్ద కరిగించే అద్దాల కొలిమి పాడైతే బాగుచెయ్యడానికి వెళ్ళిన మనిషి, ఇరవయ్యారేళ్ళయినా తిరిగి రాలేదు, అక్కడే పనిలో కుదిరిపోయాడు. గంటకి మిల్లీమీటరు చొప్పున స్ఫటికం పెరుగుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. అక్కకి పెళ్ళయిన కొత్తలో, చదువుకోసం వాళ్ళింట్లో ఉన్న ఈ మరదలికి ఒకరోజు తేనెరంగు స్ఫటికం ఒకటి దీపానికి అడ్డంగా పట్టి చూపించాడు. అంతే, ఆ పిచ్చి ఈమెకీ పట్టుకుంది. లోకంలో ఎవరినైనా అనుమానిస్తుంది గానీ బావ స్ఫటికాన్ని మాత్రం అనుమానించదు.

మధ్యాహ్నం బావకి ఫోన్ చేసింది.

"బావా, తేడా రావట్లేదు."

"దేనికీ?"

"ఎరుపుకీ నలుపుకీ."

"అదంతా నాకు తెలీదు మరదలా. క్రిస్టల్స్ బాగున్నాయా? పగుళ్ళేం లేవుగా?"

"బంగారంలా ఉన్నాయి. నీవాటికేం? ఇక్కడ యంత్రమే దొంగది." నిదానం విన్నాడు, విననట్టు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"తేడా అంటే ఎలాంటి తేడా?"

"క్రిస్టల్ కుడివైపు తిరిగిందా, ఎడమవైపు తిరిగిందా, దాన్నిబట్టి... తర్వాత చెప్తాలే బావా, ఇప్పుడవన్నీ నీకెందుకు!"

అవతల టీగ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"అమ్మాయ్, పదహారూ కలిపే పెట్టావా?"

"కలిపే పెట్టాను. ఎందుకు?"

బావ నీళ్ళు నమిలాడు. "ఏంలేదు. ఏమైనా తిన్నావా?"

తినలేదు. తిండి సంగతెవరికి గుర్తుంది? ఫోన్ పెట్టేసి నిదానం మీద పడింది. న్యూట్రాన్ల తల తిప్పే తీగచుట్ట సరిగ్గా పనిచేయడం లేదని, మొత్తం మళ్ళీ పరీక్షించాలని పట్టుపట్టింది. సోమవారమే చూశానండీ అన్నాడాయన. అయినా చూడండి అంది. చూశాడు. నాలుగు గంటలు పట్టింది. అంత విలువైన నాలుగు గంటలు మంచినీళ్ళలా ఖర్చయిపోయాక, వందకి తొంభైతొమ్మిదిసార్లు తల సరిగ్గానే తిరుగుతోందని తేలింది.

"మీ యంత్రం ఇంకెక్కడో మోసం చేస్తోంది," అంది.

నిదానానికి కోపం రావడం అదే మొదటిసారి. "పద్దెనిమిదేళ్ళుగా దీన్ని చూస్తున్నానండీ. ఇది చెప్పేది మనకి నచ్చకపోవచ్చు. మోసం మాత్రం చెయ్యదు." అని లేచి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆయన లేచి వెళ్ళడం కూడా నిదానంగానే జరిగింది, అది ఆమెకి ఇంకా ఒళ్ళు మండించింది.

ఆమె తన పనిని తిరగేసి చూసుకుంది. ఎక్కడా లోపం లేదు. హైడ్రోజన్ ఉన్న వస్తువేదైనా న్యూట్రాన్లని చెల్లాచెదురు చేస్తుంది. దారం, కాగితం, సిరా, ఆఖరికి వేలిజిడ్డు కూడా శత్రువే. అందుకని బావ పంపిన పదహారు స్ఫటికాలకీ కట్టి ఉన్న దారాలు కత్తిరించి పారేసింది, నంబర్ల చీటీలు తీసేసింది, ఒక్కోదాన్నీ మూడుసార్లు కడిగింది. ఎక్స్‌రే ఫోటో తీసి అన్నీ ఒకే దిక్కుకి చూసేలా అల్యూమినియం రేకుల మీద అతికించింది. ఇంత శుభ్రంగా ఎవరు చేస్తారు చెప్పండి? ఆ శుభ్రమే కొంప ముంచిందని ఆమెకి అప్పటికి తెలియదు.

అయిదింటికి అక్క ఫోన్.

"ఏమన్నావే ఆయన్ని?"

"నేనేమన్నానే?"

"మధ్యాహ్నం నుంచీ మనిషి కాలు నిలవట్లేదు. బీరువా అంతా తిరగేశాడు. చొక్కా తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. ఏంటని అడిగితే గోడతో మాట్లాడినట్టే ఉంది. ఇప్పుడు బిస్కెట్ల డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని నీ దగ్గరికే బస్సెక్కాడు. చెల్లీ, అరవకే ఆయన మీద. నీ నోరు నాకు తెలుసు."

గేటు దగ్గర కాపలామనిషి ఆ డబ్బా మూత తీయించి లోపలికి తొంగిచూశాడు. "ఏంటివి, రాళ్ళా? ఇక్కడ నుంచి ఏవైనా పట్టుకుపోతారేమోనని చూస్తాం గానీ, రాళ్ళు పట్టుకొచ్చేవాణ్ణి మిమ్మల్నే చూశా," అని చీటీ రాసిచ్చాడు.

వచ్చినవాళ్ళు కూర్చునే గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల. బావ డబ్బాని ఆమె వైపు తోసి, చేతులు రెండూ బల్ల కింద పెట్టుకున్నాడు. లోపల గోరంత మందాన కోసిన తేనెరంగు పలకలు. ప్రతిదానికీ ఒక నంబరు చీటీ, ఒక దారం. కొన్నిటికి తెల్లదారం, కొన్నిటికి నీలిదారం.

"ఇవేంటి బావా?"

"ప్రతి క్రిస్టల్‌కీ చివర తోక కోసి దాచుకుంటాను. ఏ గింజ నుంచి వచ్చిందో ఆ రంగు దారం కడతాను. క్రిస్టల్‌కీ అదే దారం, తోకకీ అదే."

అందరూ సీడ్ అనేదాన్ని బావ గింజ అంటాడు. కరిగిన ముద్దకి పాత స్ఫటికం ముక్క ఒకటి తాకిస్తే, కొత్తది దాని పోలికతోనే పెరుగుతుంది. అందులోంచి మళ్ళీ ఒక ముక్క కోసి తర్వాతిదానికి గింజ చేస్తారు. అలా అది ఒక వంశం.

"ఏ గింజ ఏంటి? మనది ఒకటే గింజ కదా?"

బావ కళ్ళు దారాల మీదికి వెళ్ళాయి.

"బావా!"

"పగిలింది. మూడేళ్ళయింది. నా చేతిలోంచి జారి నేలమీద పడి, పిండి పిండి అయిపోయింది. పాత సొరుగులో ఇంకో ముక్క దొరికింది. ఎక్స్‌రే ఫోటో తీస్తే అచ్చం అలాగే వచ్చింది. అదే వాడాను."

డాక్టరమ్మకి సంగతి అప్పుడు వెలిగింది. ఆ ఫోటోకి కుడీ ఎడమా తెలియదు. ఎడమకాలి చెప్పూ కుడికాలి చెప్పూ ఒకే కొలత కదా, కొలిచి చూస్తే ఏం తెలుస్తుంది? ఈ స్ఫటికాలూ అంతే, పుట్టుకతోనే కొన్ని కుడివైపు మెలితిరుగుతాయి, కొన్ని ఎడమవైపు. కుడివాటిలో అల ఒకలా తిరిగితే ఎడమవాటిలో రెండోలా తిరుగుతుంది. రెండూ కలిపి ఒకే రేకు మీద పెడితే దాని లెక్క దీని లెక్కని కొట్టేస్తుంది. మిగిలేది గుండుసున్నా.

"మూడేళ్ళు! మూడేళ్ళు నాకు ఒక్క మాట చెప్పలేదా? నా నోట్లో మట్టి కొట్టావు కదా బావా!"

అక్క చెప్పిన మాట గాలికి పోయింది. గది బయట నడిచేవాళ్ళు ఆగి చూశారు. బావ తల దించుకుని, బల్ల కింద నుంచి కుడిచెయ్యి తీసి పైన పెట్టాడు. అది ఊరికే ఉండలేదు. వేళ్ళు సన్నగా, ఆగకుండా వణుకుతున్నాయి.

"అప్పుడే మొదలైంది ఇది," అన్నాడు. "తెలిస్తే కొలిమి దగ్గరికి రానివ్వరు. రెండువేల డిగ్రీల దగ్గర పని. ఇంట్లో మీ అక్కకి తప్ప ఎవరికీ తెలీదు."

ఆమెకి గుర్తొచ్చింది. ఈమధ్య బావ టీగ్లాసుని రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. చలికి అనుకుంది.

"చెప్పడానికి నోరు రాక దారం మార్చాను. నీలిదారం చూసి ఇదేంటి బావా అని అడుగుతావనుకున్నా. అడిగితే చెప్పేద్దామనే ఉన్నా."

"తెల్ల రీలు అయిపోయిందేమో అనుకున్నాను," అంది ఆమె నెమ్మదిగా.

"అయినా నాకు తెలీక అడుగుతాను, కుడి ఎడమల గొడవ ఒకటి ఉందని నువ్వు ఎప్పుడైనా చెప్పావా? పెద్దవి కావాలన్నావు. పెద్దవి పెంచాను. ఇంకా పెద్దవన్నావు. పెంచాను. నువ్వు రాసిన కాగితం తెచ్చిచ్చావు, ఆఖరి లైన్లో నా పేరుంది. ఆ లైను చదువుకున్నాను. మిగతాది నాకెవరు చెప్పారు అమ్మాయ్?"

తర్వాత చెప్తాలే, నీకెందుకు. ఆ మాట ఇవాళ మధ్యాహ్నమే అంది. ఆరేళ్ళుగా అంటూనే ఉంది. డాక్టరమ్మ ఇక అరవలేదు. సిగ్గేసింది, కోపం మాత్రం తగ్గలేదు.

అప్పుడు తలుపు దగ్గర నిదానం దగ్గాడు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో. చేతిలో, వెలుతురుని ఒక్క దిక్కులోనే పోనిచ్చే పోలరాయిడ్ పలకలు రెండు. "పలచటి ముక్కలైతే దీంతో తెలిసిపోతుందండీ," అన్నాడు.

ఒక పలక మీద తెల్లదారం తోక పెట్టి, పైన రెండో పలక పెట్టి తిప్పారు. కుడివైపు కాస్త తిప్పగానే వెలుతురు ఆరిపోయింది. నీలిదారం తోకకి ఎడమవైపు తిప్పాల్సి వచ్చింది. నిదానం మూడుసార్లు చేసి చూశాడు. ఈసారి ఆమె విసుక్కోలేదు. డబ్బాలో లెక్కపెడితే తెల్లవి ఎనిమిది, నీలివి ఎనిమిది. ఎవరో కావాలని సమంగా పంచిపెట్టినట్టుంది.

"మీ యంత్రాన్ని దొంగ అన్నాను," అంది డాక్టరమ్మ.

"వినలేదండీ," అన్నాడు నిదానం.

శుక్రవారం పొద్దున ఏడింటికి స్ఫటికాలు బయటికొచ్చాయి. న్యూట్రాన్లు తగిలిన వస్తువు కాసేపు రేడియేషన్ చిమ్ముతుంది కనక, దాన్ని కొలిచే మనిషి పరికరం పట్టుకుని వచ్చి, అది టకటకమనడం తగ్గేదాకా ముట్టుకోనివ్వలేదు. అలా రెండు గంటలు పోయాయి. డాక్టరమ్మ కాలు కాలిన పిల్లిలా గది అంతా తిరిగింది. తర్వాత బావ బల్ల ముందు కూర్చున్నాడు. దారాలు పోయిన పదహారు స్ఫటికాలు ఒక పక్క, దారాలున్న పదహారు తోకలు ఇంకో పక్క. ఏ తోక దేనిదో కోత గీతలు చూసి చెప్పాలి.

"అది కాదు, దాని పక్కది. రంపం అక్కడ ఒకసారి ఆగింది చూడు, మెట్టులా ఉంది. ఆరో నంబరు. ఇది పదకొండు, దీని నడుం దగ్గర బుడగ ఉండాలి. ఉందా?"

"ఉంది బావా."

"నేనేమో చేత్తో పట్టుకోలేను. నువ్వేమో పోల్చలేవు. ఇద్దరం కలిస్తే ఒక పనివాడు."

పదకొండున్నరకి పదహారూ తేలిపోయాయి. అయితే ఇంకో చిక్కు. ఎనిమిదింటిని మళ్ళీ ఒక దిక్కుకి పేర్చడానికి సాయంత్రం దాకా పడుతుంది. అలలు సరిగ్గా కనబడాలంటే గడ్డకట్టే చలి కావాలి, రాత్రంతా చల్లబరచాలి. శనివారం ఒక్క పగలే మిగులుతుంది. తెల్లవి చూస్తే నీలివి చూడలేరు, నీలివి చూస్తే తెల్లవి చూడలేరు.

"తెల్లవి పెడదాం," అంది డాక్టరమ్మ. "ఆరేళ్ళ క్రితం చూసింది ఆ వంశాన్నే. మళ్ళీ అదే వస్తుంది, గొడవ వదిలిపోతుంది."

నిదానం కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "అదే వస్తుందండీ. అప్పుడు యంత్రం లోపమన్నవాళ్ళు ఇప్పుడూ అదే లోపమంటారు. నీలివి పెట్టారనుకోండి, తేడా తిరగబడాలి. ఎర్రది కిందికి, నల్లది పైకి. లోపల ఏ క్రిస్టల్ ఉందో యంత్రానికి తెలీదు కదా, అది కావాలని తిరగెయ్యదు. ఇంక ఎవరూ నోరెత్తలేరు."

ఆమె నోరు వెళ్ళబెట్టింది. నిజమే. ఆ పగిలిన గింజ ఆమెకి ఎవరూ ఇవ్వలేని సాక్ష్యం ఇస్తోంది. కానీ నీలివి పెడితే అవి ఎక్కడివో రాయాలి. మొదటి గింజ ఏమైందో రాయాలి. ఎలా పగిలిందో అడుగుతారు. బావకి కొలిమి మిగలదు.

అప్పుడే అక్క ఫోన్ చేసింది. సంగతంతా, రెండు రకాల్లో ఒకటే పెట్టే వీలుంటుందన్న సంగతితో సహా, రాత్రి బావ ఇంటికెళ్ళి చెప్పినట్టున్నాడు. "చెల్లీ, నీకు దణ్ణం పెడతానే. తెల్లవే పెట్టు. ఆయన చెయ్యి సంగతి బయటపడకూడదు. కొలిమి లేకపోతే ఆయన ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడే? గోడలు చూస్తాడా?"

అక్కకి బావ కావాలి. నిదానానికి యంత్రం పరువు కావాలి. ఆమెకి తన మాట నిలబడాలి, బావా నిలబడాలి. ఏ ఇద్దరికి సర్దినా మూడోవాళ్ళకి అన్యాయమే. పరమాణువుల బాధ డాక్టరమ్మకి పుస్తకం లేకుండానే అర్థమైంది. చచ్చేంత విసుగొచ్చింది, దేనిమీదో తెలియని విసుగు. బల్ల మీద గట్టిగా కొట్టింది. స్ఫటికాలు ఎగిరిపడ్డాయి.

"ఏయ్, మెల్లగా!" అన్నాడు బావ. అని, ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "ఏమేవ్, నేను. ఇంటికొచ్చాక మాట్లాడదాం." పెట్టేశాడు. వణికే వేలితో ఎనిమిది స్ఫటికాలని ఒక్కొక్కటే ఆమె వైపు జరిపాడు.

"నీలివి పెట్టు."

"బావా..."

"పొద్దుపోతోంది. పెట్టమన్నానా!"

శనివారం పొద్దున ఎనిమిదింటికి లెక్క మొదలైంది. ఒక్కో చుక్కకీ గంటన్నర. ఎదురుచూడ్డం తప్ప పనిలేదు. చల్లదనం నిలిపే పంపు ఒకటే రొద పెడుతోంది. డాక్టరమ్మ కుర్చీ బావ పక్కకి లాక్కుని, కాగితం తీసి త్రిభుజం గీసింది. ఆరేళ్ళు ఆలస్యంగా ముగ్గురు తోడికోడళ్ళ కథ చెప్పింది. బావ చెవి ఒగ్గి విన్నాడు.

"మూడో ఆవిడ ఏం చేస్తుంది మరి?"

"అదే కదా బావా సమస్య. ఎటూ చెయ్యలేక ముగ్గురూ తలో పక్కకి తిరిగి కూర్చుంటారు."

"ఇరవయ్యారేళ్ళు వీటిని కళ్ళల్లో వత్తులేసుకుని పెంచాను," అన్నాడు బావ. "పైకి ఎంత బుద్ధిగా ఉంటాయనుకున్నావు! లోపల ఇంత రభస ఉందని ఇప్పుడు చెప్తున్నావా?" త్రిభుజం మీద వేలు పెట్టి అడిగాడు. "మరి నా గింజ కుడిదైతే వీళ్ళంతా కుడికే తిరుగుతారా?"

"కుడికే."

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే, సొరుగులో గింజని వాడేముందు ఆ పోలరాయిడ్ పలకల మధ్య పెట్టి చూసేవాణ్ణి కాదూ!"

ఆమె ఆ కాగితం మీదే కుడివైపుకి ఒక బాణం, ఎడమవైపుకి ఒక బాణం గీసింది.

పదకొండుకి మొదటి జత పూర్తయింది. నల్లచుక్క పైన, ఎర్రచుక్క కింద. నిదానం అంకెలు పైకి చదివాడు, మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదవండి అంది ఆమె. రెండింటికి రెండో జత. అదీ అంతే, నల్లది పైన. ఆరేళ్ళ క్రితం గీతని పక్కన పెడితే తలకిందులుగా ఉంది. డాక్టరమ్మ లేచి గోడ వైపు తిరిగి నిలబడింది. ఏడుస్తోందని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ తెర వైపే చూశారు.

అయిదింటికి మూడో జత. నాలుగోది నడుస్తుండగా ఆరయింది. ఎక్కడో గంట మోగింది. తెర మీద లెక్క నెమ్మదించి, నెమ్మదించి, ఒక అంకె దగ్గర ఆగిపోయింది. ఎర్రచుక్కే పూర్తి కాలేదు, నల్లచుక్క అసలు మొదలే కాలేదు. ఇంకొక్క రోజు! గురువారం తీగచుట్ట కోసం తగలేసిన నాలుగు గంటలుంటే ఆ జతా వచ్చేసేది. ఆమె తనని తాను తిట్టుకుంది. మూడు జతలే మిగిలాయి. మూడూ స్పష్టంగా ఉన్నాయి. అయిదుంటే ఎవరూ వంక పెట్టలేరు, మూడుంటే పెట్టేవాళ్ళు పెడతారు.

యంత్రం మూసేముందు దాని రోజువారీ పుస్తకంలో రాయాలి. స్ఫటికం ఎవరు పెంచారు, ఎలా పెంచారు, ఎక్కడెక్కడ మారింది, అన్నీ. అక్కడ రాసిందే సాక్ష్యం, పత్రికవాళ్ళు అడిగేదీ దాన్నే. డాక్టరమ్మ కలం తీసుకుని, చాలాసేపు ఆలోచించి రాసింది: రెండవ గింజ వాడబడినది.

బావ ఆమె భుజం మీదుగా చదివాడు.

"ఎవరు వాడారంట? ఎందుకు వాడారంట?"

"ఇంతకంటే అక్కర్లేదు బావా. అందరూ ఇలాగే రాస్తారు."

"రేపు ఎవడో అడుగుతాడు. అప్పుడు నువ్వు అబద్ధం ఆడాలి. ఒక అబద్ధం మూడేళ్ళు మోశాను, దాని బరువెంతో నాకు తెలుసు. ఇటియ్యి."

"ఇది రాస్తే సోమవారం నుంచి నిన్ను కొలిమి దగ్గరికి రానివ్వరు."

"తెలుసు."

కలం తీసుకున్నాడు. అది వేళ్ళలో నిలవలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టుని అదిమి పట్టుకుని మొదలుపెట్టాడు. మొదటి అక్షరం గీతలు దాటి పోయింది. దాన్ని అలాగే వదిలి రెండోది రాశాడు. మొదటి గింజ నా చేతిలోంచి జారి పగిలింది. నా చెయ్యి వణుకుతుంది. తేదీ రాశాడు. మూడేళ్ళ క్రితం తేదీ, ఆయనకి వెతుక్కోకుండానే గుర్తుంది.

బయట దీపాలు ఒక్కో వరసా ఆర్పేస్తున్నారు. హాలు ఖాళీ చెయ్యమని ఒకతను తలుపులోంచి తొంగిచూసి వెళ్ళాడు. నిదానం లేచి ఆ తలుపు దగ్గరగా వేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆ రెండు వాక్యాలు రాయడానికి బావకి పావుగంట పట్టింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు.